రెండో సీడీ

నాచారం,
8 జూన్ 2004.

ఉప్పల్ వీడియో లైబ్రరీ ఓనరు, మాజీ టైమ్‌కీపర్ విజయభాస్కర్ సారు సముఖానికి,

మిల్లు మూతబడేదాకా పద్దెనిమిదేళ్ళు నీ ముందు హాజరు కార్డు గుద్దిన ఫిట్టర్ ఆగయ్య రాసేది. నీ ఆరోగ్యం ఎట్లుందని అడగను. బస్తీలో అందరికీ బీపీ తెప్పించి నువ్వు ఫ్యాను కింద చల్లగా కూర్చున్నావు, నీకేం రోగం?

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. "నీ గొంతు నమ్మను ఆగయ్యా, ఏదున్నా కాగితం మీద రాసి సంతకం పెట్టు" అన్నావు. పోయినేడు సీడీల రైడు ఇన్‌స్పెక్టర్‌నని ఫోన్ చేసి, నీ చేత సగం షాపు అటక మీదికి ఎక్కించింది నిజమే. ఏడాదైనా మరిచిపోలేదా? సరే, కాగితం మీదే తిడతాను. సంతకం కూడా పెడతాను.

శనివారం నీ దగ్గర ప్లేయరు, ఒక కొట్లాట సినిమా తీసుకున్నాను. పూచీకి మా రేషన్ కార్డు ఇచ్చాను. ఆదివారం చెంగిచెర్ల నుంచి మా బామ్మర్ది ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వచ్చాడు. పద్నాలుగు మంది. మా బాలనర్సమ్మ చాపలు పరిచింది, మా ప్రవీణ కిటికీకి దుప్పటి కట్టింది. నలభై నిమిషాలకు హీరో చెయ్యి లేపాడు. విలన్ దవడ ఎదురుగా ఉంది. అక్కడ ఆగింది. బొమ్మంతా గళ్ళు గళ్ళు, గొంతేమో మేకపిల్ల అరిచినట్టు. సీడీ తీసి నా బనీనుకు తుడిచాను. బామ్మర్ది లుంగీకి తుడిచాడు. ఎవరో టూత్‌పేస్టు రుద్దమంటే అదీ రుద్దాం. చెయ్యి దిగలేదు.

"బావా, ఆ చెయ్యి ఇయ్యాల దిగుతదా, లేకుంటె మేం బువ్వ తిని మళ్ళొచ్చే ఆదివారం రావాల్నా?" అన్నాడు మా బామ్మర్ది. నన్ను అల్లుణ్ణి చేసుకున్న ఇంటివాళ్ళంతా నవ్వారు. పోనీ, సగం తర్వాత కథ చూద్దామని రెండో సీడీ కోసం నువ్విచ్చిన కాగితం కవరు దులిపితే, లోపల ఏమీ లేదు.

సోమవారం అదే అడగడానికి వస్తే, రెండో సీడీ నేనే మింగానని నలుగురి ముందు అరిచావు. నేనూ అరిచాను. షాపు మెట్టు ఎక్కవద్దన్నావు. మంచిది, ఎక్కను. కానీ నా కార్డు నాకివ్వు. ప్రవీణ పాలిటెక్నిక్ ఎంట్రన్సులో ర్యాంకు తెచ్చుకుంది. జూలై పద్నాలుగున కౌన్సెలింగ్. రేషన్ కార్డు ఒరిజినల్ చూపిస్తేనే ఫీజు మాఫీ. మాఫీ లేకుంటే చదువే లేదు. నువ్వు పట్టుకు కూర్చున్నది బియ్యం కార్డు కాదు, నా బిడ్డ సీటు.

ఇట్లు,
సంతకంతో సహా,
ఆగయ్య


ఉప్పల్,
13 జూన్ 2004.

ఆగయ్యకు,

సంతకం ఉంది కాబట్టి జవాబు రాస్తున్నాను. లేకపోతే నీ ఉత్తరాన్ని పల్లీలు కట్టుకోవడానికి ఇచ్చేవాణ్ణి.

రెండో సీడీ నీకిచ్చే ముందు కౌంటరు మీదున్న ప్లేయర్లో వేసి నా కళ్ళతో చూశాను. శుభ్రంగా ఆడింది. అంటే నీతోనే వచ్చింది. పోయిందంటే నీ ఇంట్లో పోయింది.

నిన్ను ఎందుకు నమ్మాలో నువ్వే చెప్పు. నా షాపులో పదకొండు సస్పెన్స్ సినిమాల డబ్బాల మీద బాల్‌పెన్నుతో "హంతకుడు డాక్టరు", "హంతకురాలు పిన్ని" అని రాసిందెవరు? ఆ పదకొండూ ఇవాళ్టికీ ఎవరూ ముట్టుకోవడం లేదు. కాప్రా అన్నపూర్ణమ్మ గారు భజన మండలికి అమ్మవారి సినిమా అడిగితే, నేనటు తిరగ్గానే ఆవిడ కవర్లో దయ్యం సినిమా పెట్టిందెవరు? ఏడుగురు పెద్దవాళ్ళు హారతి వెలిగించుకుని, చేతులు జోడించి కూర్చున్నారు. బావిలోంచి జుట్టు విరబోసుకుని అది బయటికొచ్చింది. ఆవిడ వెనక్కి పడితే మణికట్టు బెణికి నెల్లాళ్ళు కట్టు కట్టారు. నువ్వు మాత్రం టీ బడ్డీ దగ్గర ఆ కథ చెప్పి నవ్వించావు. మా ఆవిడ ఉదయశ్రీ అయితే నీ పేరు వింటే షట్టరు దించేస్తోంది.

నా పద్ధతి నీకు తెలియంది కాదు. ఏ సినిమా తీసుకుంటే ఆ సినిమా ఖాళీ డబ్బాలో కార్డు పెట్టి అల్మారాలో ఉంచుతాను. నీ కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. సీడీ తీసుకురా, కార్డు పట్టుకెళ్ళు.

విజయభాస్కర్


నాచారం,
18 జూన్ 2004.

భద్రతాధికారి భాస్కర్ సారుకు,

కార్డు భద్రంగా ఉందని రాశావు. ఆ ముక్క చదివి ఒక్కణ్ణే కాసేపు నవ్వుకున్నాను. ఎందుకో ఇప్పుడు చెప్పను. భద్రంగానే ఉంటుంది, నాకు తెలుసు. నీకు ఎంత చెమట పట్టి ఉంటుందో కూడా తెలుసు.

హంతకుల పేర్లు రాశానన్నావు. రాశాను. అది ప్రజాసేవ. నీ సీడీ ఏదైనా ఆఖరుదాకా ఆడిందా ఈ పదేళ్ళలో? మొదట్లో క్యాసెట్లుండేవి, నీ ప్లేయరు రీలు నమిలి పారేసేది. ఇప్పుడు సీడీలు, గీతలు తప్ప బొమ్మ లేదు. నాచారంలో సగం మందికి ఏ సినిమాలో ఎవరు చచ్చారో తెలుసు, ఎవరు చంపారో తెలియదు. పాపం, వాళ్ళకు నిద్ర పట్టాలి కదా? కొత్త సినిమా అడిగితే "బయటికెళ్ళింది". ఎప్పుడొస్తుంది అంటే "రేపు". రేపు పోతే ఇంకో ఇంటికి వెళ్ళి ఉంటుంది. వచ్చేసరికి దాని మీద ఎవరో చాయ్ గ్లాసు పెట్టిన మరక. దేవుడు గుళ్ళో దొరకడం సులువు, నీ షాపులో కొత్త సినిమా దొరకడం కష్టం.

అన్నపూర్ణమ్మ సంగతి వేరు. అది నవ్వు కోసం చేశాను. ఆమె పడుతుందని అనుకోలేదు. దాన్ని ఇక్కడ కలపకు.

రెండో సీడీ కోసం బియ్యం డబ్బా బోర్లించాను. బట్టల పెట్టె దులిపాను. బామ్మర్ది ఇంటికి మనిషిని పంపి వాళ్ళ టిఫిన్ గిన్నెలు వెతికించాను. లేదు భాస్కర్, లేదు. లేనిది ఎక్కణ్ణుంచి తేవాలి?

కార్డు నీ దగ్గరుందని ఇంట్లో ఇంకా చెప్పలేదు. బాలనర్సమ్మ అది ట్రంకు పెట్టెలో ఉందనుకుంటోంది. మొన్న కిరోసిన్‌కు పోదామని అడిగితే "డిపోల నూనె రాలె" అని చెప్పి పంపించేశాను. నిన్న మళ్ళీ అడిగింది. "ఊర్ల అందరికి అచ్చిందట, మనకే రాలేదా?" అంది. నా అబద్ధాలు అయిపోవస్తున్నాయి. పద్నాలుగో తేదీ ఆగదు.

ఆగయ్య


ఉప్పల్,
2 జూలై 2004.

ఆగయ్యా,

నీ ఉత్తరం అందింది. షాపులో పని ఎక్కువై వెంటనే రాయలేకపోయాను.

ఒక విషయం చెప్పాలి. నీ కార్డు నా దగ్గర లేదు. నువ్వు ప్లేయరు తిరిగిచ్చిన సోమవారమే ఆ కొట్లాట సినిమా డబ్బా తెరిచాను. ఖాళీగా ఉంది. దాని పక్కవి కూడా తెరిచాను. నలుగురి ముందు నీ మీద అరిచింది అందుకే. ఈ షాపులో రెండొందల ఇళ్ళ కార్డులున్నాయి. ఒక కార్డు పోయిందని నోరు జారితే, సాయంత్రానికి రెండొందల మంది మెట్ల మీద ఉంటారు. అప్పుడు భద్రంగా ఉందని రాయక ఏం చేయను?

పైగా ఇది నీ పనేనని నా నమ్మకం. నువ్వే తీసుకుని ఉంటావు. నన్ను వెతికించి, చెమట పట్టించి, తర్వాత జేబులోంచి తీసి చూపిస్తావు. మిల్లులో నా కళ్ళజోడును టిఫిన్ క్యారియర్లో దాచిన మనిషివే కదా. ఇంక ఆట చాలించు. కార్డు నీ దగ్గరే ఉందని ఒక్క ముక్క రాయి, నేను ప్రశాంతంగా పడుకుంటాను.

విజయభాస్కర్


ఉప్పల్, నీ షాపు మెట్ల మీద,
11 జూలై 2004, ఆదివారం.

ఒరేయ్ భాస్కర్,

మెట్టు ఎక్కవద్దన్నావు, ఎక్కాను. వచ్చి కేసు పెట్టుకో.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పైన రెండో తారీఖు వేశావు, పోస్టు ముద్ర చూస్తే తొమ్మిదోది. వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగావురా! రెండు నిమిషాలు లేటైతే నా సగం రోజు కోసిన టైమ్‌కీపర్‌వి, నా బిడ్డ దగ్గర వారం దొంగిలించావు. నిన్న చదవగానే పరుగెత్తి వస్తే షట్టరుకు తాళం. ఇవాళా అదే తాళం. పక్కన టైలరును అడిగితే, "ఆళ్ళు గుంటూరు వొయిన్రు, బామ్మర్ది ఇల్లువాకిలి పండుగకు. మంగళవారం గాని రారు" అన్నాడు. నా బిడ్డ గడప దాటలేకపోతుంటే నువ్వు ఇంకొకరి గృహప్రవేశానికి పోయావా?

ఇప్పుడు నేను చెప్పేది చదివి ఎంత తిట్టుకుంటావో తిట్టుకో, కానీ ముందు పని చెయ్యి.

ఆ శనివారం నువ్వు ప్లేయరు తేవడానికి లోపలికి పోయావు. నువ్వు పెట్టిన డబ్బాలోంచి నా కార్డు నేనే తీశాను. పై వరుసలో చివర అమ్మవారి సినిమా డబ్బా ఉంది చూడు, ఏడాదిగా ఎవరూ అడగనిది, దాంట్లో పెట్టాను. సోమవారం నువ్వు నా కార్డు కోసం వెతికి వెతికి నీళ్ళు తాగితే, "అమ్మవారికి మొక్కు, దొరుకుతది" అందామని. అంతే. అరుపులు మొదలయ్యాక ఆ మాట చెప్పే వీలు రాలేదు. తర్వాత నువ్వు భద్రంగా ఉందని రాశావు కదా, దొరికిందనుకున్నాను. వెతికి చచ్చి ఉంటావని నవ్వుకున్నాను. నువ్వు అబద్ధం రాశావు. నేను నిజం రాయలేదు. ఇద్దరం కలిసి నెల రోజులు దాన్ని అల్మారాలో కూర్చోబెట్టాం.

షట్టరు సందులోంచి వంగి చూశాను. పై వరుస కనబడలేదు. ఈ కాగితం కింద నుంచి తోసి పోతున్నాను. రాగానే ఆ డబ్బా తెరువు. బుధవారం పొద్దున తొమ్మిదికి కౌన్సెలింగ్. నీకు దండం పెడతాను. ఇది నాటకం కాదు. సంతకం చూడు.

ఆగయ్య


ఉప్పల్,
13 జూలై 2004, మంగళవారం సాయంత్రం.

ఆగయ్యా,

ఇవాళ మధ్యాహ్నం వచ్చి షట్టరు ఎత్తగానే నీ కాగితం కాలికి తగిలింది. స్టూలు వేసుకుని పై వరుస చూశాను. అమ్మవారి సినిమా అక్కడ లేదు. ఉండదు కూడా. జూన్ తొమ్మిదినే దాన్ని అన్నపూర్ణమ్మ గారికి పంపించేశాను. దయ్యం సినిమా నాటి నుంచి ఆవిడ నా షాపు ముందు నుంచి పోవడం కూడా మానేశారు. ఎలాగూ ఎవరూ అడగని సినిమా, ఊరికే ఇచ్చేస్తే కోపం తగ్గుతుందని, సీడీలు, డబ్బా కలిపి రబ్బరు బ్యాండు వేసి పంపాను. డబ్బా తెరిచి చూడలేదు. ఖాళీ డబ్బాలో ఏముంటుందని చూస్తాను?

వెంటనే స్కూటరు మీద కాప్రా వెళ్ళాను. ఆవిడ తలుపు తీయలేదు. కిటికీలోంచే మాట్లాడారు. "కార్డు మా దగ్గరే ఉందండీ. దాని మీద ఫోటో చూశాం. ఆ దయ్యాన్ని పంపిన మనిషిని స్వయంగా వచ్చి తీసుకోమనండి" అన్నారు. ఎంత బతిమాలినా నా చేతికి ఇవ్వలేదు.

మీ పక్కింటికి మూడుసార్లు ఫోన్ చేశాను. "ఆగయ్యా, గొంతు మారిస్తె మాకు తెల్వదా? ఆంధ్రోని లెక్క మాట్లాడుతున్నవు, మంచిగనే ఉన్నది, పెట్టెయ్యి" అని పెట్టేశారు. మీ గడపకు వచ్చే మొహం నాకు లేదు. అందుకే ఈ చీటీ నాచారం వెళ్ళే ఆటో అతని చేతికిస్తున్నాను. అందగానే కాప్రా చెరువు పక్క వీధికి వెళ్ళు. రామాలయం దాటాక మూడో ఇల్లు.

ఇంకొకటి. ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. రెండో సీడీ దొరికింది. ఆ శనివారం కౌంటరు ప్లేయర్లో వేసి చూశానన్నానే, అందులోనే మరిచిపోయాను. ఆ ప్లేయరు మల్కాజిగిరిలో ఒకరింటికి కిరాయికి వెళ్ళింది. వాళ్ళు జూన్ పదినే సీడీ తెచ్చిచ్చారు. అప్పటికే నీ మీద నలుగురి ముందు అరిచి ఉన్నాను. సీడీ దొరికిందంటే కార్డు ఇవ్వాలి, కార్డేమో లేదు. అందుకని నోరు మూసుకున్నాను. సీడీ కూడా దీంతో పంపుతున్నాను. తప్పు నాది.

విజయభాస్కర్


నాచారం,
9 ఆగస్టు 2004.

భాస్కర్,

నెల రోజులు ఆగి రాస్తున్నాను. ముందే రాస్తే కాగితం కాలిపోయేది. నిన్ను తిట్టాలని నాలుగుసార్లు కూర్చున్నాను. మొదలుపెట్టిన ప్రతిసారీ సగం తిట్లు తిరిగి నాకే తగులుతున్నాయి. అయినా మిగిలిన సగం నీవే, తీసుకో. సీడీ పదో తేదీన చేతిలో పెట్టుకుని, పదమూడో తేదీన సీడీ తెమ్మని నాకు రాశావు. ఆ చెయ్యి ఎట్లా ఆడిందిరా నీకు?

నీ ఆటో అతను మంగళవారమే చీటీ తెచ్చాడు. నేను నీ కోసం ఉప్పల్ వచ్చి, తాళం చూసి తిరిగొస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింట్లో ఇచ్చాడు. వాళ్ళు దాన్ని టీవీ మీద పెట్టి ఊరుకున్నారు. బుధవారం సాయంత్రం నా చేతికి ఇస్తూ, "గిది గూడ నీ నాటకమే అనుకున్నమే ఆగయ్యా" అన్నారు. ఏమనను వాళ్ళను?

ఆ బుధవారం పొద్దునే బాలనర్సమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. కార్డు లేదు. అప్పుడు చెప్పాను, అంతా. ఆమె తిట్టలేదు. చీర కొంగు బిగించి "నడువు" అంది. ముగ్గురం వెళ్ళాం. మా ప్రవీణ నంబరు పిలిచారు. కాగితాలు ముందుకు జరిపింది. "ఒరిజినల్ కార్డేదమ్మా?" అన్నాడు అక్కడున్న సారు. ప్రవీణ నా వైపు చూసింది. నేను జేబులు తడుముకున్నాను, లేనిదాని కోసం. ర్యాంకులన్నీ అయ్యాక, ఆఖరు రోజు కార్డుతో రమ్మన్నారు.

గురువారం కాప్రా వెళ్ళాను. తలుపు తీసింది అన్నపూర్ణమ్మే. చాప చూపించింది. గురువారం భజనకు అప్పటికే ఆ ఏడుగురూ కూర్చుని ఉన్నారు. "కూర్చో నాయనా. చేతులు జోడించు" అంది. ఆ అమ్మవారి సినిమా పెట్టారు. మూడు గంటలు భాస్కర్! కాళ్ళు తిమ్మిరెక్కాయి. పక్కకు ఒరిగితే ఒకావిడ మోచేత్తో పొడిచింది. నీ షాపు సీడీ చివరిదాకా ఆడటం నా జన్మలో అదొక్కటే. ఎక్కడన్నా ఆగుతుందేమో, లేచి పోదామని ఎదురుచూశాను. ఒక్క గీత లేదు. ఎవరూ చూడని సినిమా కదా.

అయిపోయాక కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. పసుపు బట్టలో చుట్టి ఉంచింది. "మూడు గంటలు కదలకుండా కూర్చున్నావు. ఆ రోజు మాకు మూడు నిమిషాలు కూడా దక్కలేదయ్యా" అంది. కట్టు విప్పి ఏడాదైనా ఆ చేత్తో గ్లాసు ఎత్తలేకపోతోంది. మంచినీళ్ళు ఎడమ చేత్తోనే ఇచ్చింది. టీ బడ్డీ దగ్గర ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. తెలిసుంటే కదా.

ఆఖరు రోజు కార్డు పట్టుకుని వెళ్ళాం. సిటీలో ఒక్క సీటు మిగల్లేదు. మా ప్రవీణ కన్నా తక్కువ ర్యాంకు వాళ్ళు ముందే తీసేసుకున్నారు. వరంగల్లో దొరికింది, హాస్టల్లో ఉండాలి. ఇంటి నుంచి నడిచిపోయి చదువుకుంటానని, సాయంత్రాలు తల్లికి కుట్టు మిషను పనిలో సాయం ఉంటానని అనుకున్న పిల్ల. నీ అబద్ధం, నా సరసం కలిసి దాన్ని బస్సెక్కించాయి.

రెండో సీడీ చూశాను. ఒక్కణ్ణే కూర్చుని చూశాను. లేపిన చెయ్యి దిగిందో లేదో మొదటి సీడీకే తెలియాలి. చివర్లో మాత్రం తండ్రి తప్పు ఒప్పుకుంటాడు. కూతురు ఏడ్చి కాళ్ళ మీద పడుతుంది. తండ్రి లేపి కావలించుకుంటాడు. అందరూ నవ్వుకుంటూ ఫోటో దిగుతారు. ఎవడు రాశాడో గానీ వానికి ఆడపిల్ల లేదు. సీడీ తిరిగి పంపుతున్నాను. దాని మీద ఏమీ రాయలేదు, చూసుకో.

నేను కూడా తప్పు ఒప్పుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రవీణ విన్నది. "సరే నాన్నా" అని పెట్టెలో బట్టలు మడతపెట్టుకుంది.

నిన్న ఉప్పల్ చౌరస్తాలో బస్సు వచ్చింది. అద్దం మీద వరంగల్ అని అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది. "ఇదే బిడ్డా, ఎక్కు" అన్నాను. నా మొహం చూసింది. బోర్డు చూసింది. తర్వాత కండక్టర్ దగ్గరికి పోయి, "అన్నా, ఇది వరంగల్ వోతదా?" అని అడిగింది.

ఆయన పోతుందన్నాక ఎక్కింది.

ఆగయ్య